వంద గ్రాముల నుంచి యార్డు దాకా

పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డుకు ఒకసారి వెళ్లి రండి. ఆలూరు, ఆస్పరి, కౌతాళం, పత్తికొండ వైపుల నుంచి వచ్చిన పత్తి లాట్లు లాట్లుగా పోసి ఉంటుంది. గుమాస్తా పిడికెడు తీసి, పింజ లాగి చూసి, అరచేతిలో నలిపి నెమ్ము ఎంతుందో చెప్పేస్తాడు. ఆ కుప్పల్లో దాదాపు ప్రతి గింజ వెనకా ఒక ప్రయోగశాల ఉంది. 1995లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మహికో కంపెనీకి అమెరికా నుంచి వంద గ్రాముల పత్తి విత్తనం తెచ్చుకునేందుకు అనుమతి ఇచ్చింది. కోకర్ 312 అనే అమెరికా రకం అది. మట్టిలో బతికే బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అనే బాక్టీరియా జన్యువును అందులో చొప్పించారు. ఆ జన్యువున్న మూడు హైబ్రిడ్లకు 2002 మార్చి 26న ప్రభుత్వ అనుమతి దొరికింది. మరో పదేళ్లకు దేశంలో పత్తి వేసిన ఎకరాల్లో తొంభై శాతానికి పైగా బీటీ పత్తే.

పడమటి కర్నూలు చేలల్లోకి ఇంత వేగంగా, ఇంత లోతుగా దిగిన ప్రయోగశాల వస్తువు నాకు మరొకటి కనిపించదు. అది మేలు చేసిందా కీడు చేసిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది, నడవాల్సిందే. ఈ అధ్యాయంలో మాత్రం ఆ ప్రయాణాన్ని మీకు పాఠంగా చూపించాలనుకుంటున్నాను. మీరు ఎమ్మిగనూరులో పుట్టి హైదరాబాదులో పరిశోధన చేస్తున్న విద్యార్థి కావచ్చు. ఆదోనిలో తాతల నాటి జిన్నింగు మిల్లును కొత్త దారి పట్టించాలనుకునే వారసుడు కావచ్చు. ఇంజనీరింగు కాలేజీ చివరి ఏడాది ప్రాజెక్టు బాగా వచ్చి, దాన్ని అటకెక్కించడానికి మనసొప్పని అమ్మాయి కావచ్చు. మీ చేతిలో ఒక చిన్న వస్తువు ఉంది, అది మీ బల్ల మీద పనిచేసింది. రేపు అది మీరు లేని చోట, మీరు ఎంచుకోని సరుకుతో, మీకు పేరు కూడా తెలియని మనుషుల చేతుల్లో పనిచేయాలి. వాణిజ్య స్థాయి అని నేను పిలిచేది దాన్నే. యంత్రం పెద్దది కావడం అందులో ఒక భాగం, అదీ చిన్న భాగమే.

మోసేది ఏది?

వంద గ్రాముల విత్తనం వచ్చింది కదా, నాటేస్తే సరిపోయేది అనుకుంటాం. కోకర్ 312 మన నేలకు, మన ఎండకు పనికొచ్చే రకం కాదు. అందుకే ఆ జన్యువును మన హైబ్రిడ్ల తల్లి మొక్కల్లోకి తరం తర్వాత తరం తిరిగి తిరిగి సంకరం చేస్తూ ఎక్కించారు. విత్తనం దిగుమతి అనుమతికి, మార్కెట్ అనుమతికి మధ్య గడిచిన ఏడేళ్లలో పెద్ద వాటా ఇలాంటి పనులదే. కనిపెట్టడం ఎప్పుడో అయిపోయింది. దాన్ని మోసే ఒంటిని తయారు చేయడానికే కాలం పట్టింది.

అంత చేసినా మొదటి మూడు హైబ్రిడ్లు మన రాష్ట్రంలో నిలబడలేదు. 2005లో కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటికీ అనుమతి పొడిగించలేదు. గమనించండి, జన్యువు మాత్రం తన పని తను చేసింది. శనగపచ్చ పురుగును అది నిజంగానే అడ్డుకుంది. దాన్ని మోసిన హైబ్రిడ్ మన వానాధారపు చేలకు సరిపడలేదు, అంతే. అదే జన్యువును వేరే విత్తన కంపెనీలు లైసెన్సు తీసుకుని, ఇక్కడి రైతులకు అప్పటికే నచ్చిన హైబ్రిడ్లలో పెట్టి అమ్మినప్పుడు పరిస్థితి మారిపోయింది.

కొత్తగా కనిపెట్టిన ప్రతి ఒక్కరూ ఇక్కడ కాసేపు ఆగాలి. మీ ఆవిష్కరణ ఒంటరిగా బజారుకు పోదు. అది దేనిలోనో కూర్చుని పోవాలి. మీది నెమ్ము కొలిచే సెన్సర్ అయితే దాన్ని మోసేది దాని పెట్టె, బ్యాటరీ, తెలుగులో కనిపించే అంకె, చెడిపోతే బాగుచేసే ఆదోని కుర్రాడు. మీది విత్తనశుద్ధి మందు అయితే దాన్ని మోసేది డబ్బా, డబ్బా మీది సూచనలు, అమ్మే దుకాణదారు మాట. ఒక కాగితం మీద ఎడమవైపు మీ ఆవిష్కరణ రాయండి. కుడివైపు దాన్ని మోసేవన్నీ రాయండి. కుడివైపు పట్టీ పొడుగ్గా ఉంటే దిగులు పడకండి. ఎడమవైపు పనికి మీరు ఇన్నేళ్లు పెట్టారు, కుడివైపు పనికి కూడా ఏళ్లు పడతాయని ముందే తెలిసింది, మంచిదే.

ఆ ఏడేళ్లలోనే జరిగిన మరో సంగతి. 1998 నవంబరులో మన పక్కనున్న రాయచూరు జిల్లాలో కర్ణాటక రైతు సంఘం బీటీ ప్రయోగ చేలను తగలబెట్టింది. తమ చేలో ఏ విత్తనం వేశారో తమకు సరిగా చెప్పనేలేదన్నది అప్పట్లో వచ్చిన ఫిర్యాదు. సైన్సు వైపు ఎవరున్నారన్న చర్చ పక్కన పెట్టి ఆలోచించండి. ఊళ్లో ప్రయోగం పెట్టేవాళ్లు ఆ ఊరికి, ఆ ఊరి భాషలో, ముందుగా, పూర్తిగా చెప్పాలి. ఇది మర్యాదే కాదు, మీ ప్రయోగానికి రక్షణ కూడా.

చేతులు ఎవరివి?

బీటీ పత్తి కథలో నన్ను ఎక్కువగా వెంటాడే భాగం ఇది. మన దేశంలో బీటీ జన్యువును దాదాపు మొత్తంగా హైబ్రిడ్ విత్తనాల్లోనే అమ్మారు. పత్తి హైబ్రిడ్లు మనకు కొత్త కావు. ప్రపంచంలో మొట్టమొదట వాణిజ్యంగా సాగైన పత్తి హైబ్రిడ్ హెచ్4. దాన్ని 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ ఇచ్చారు. అయితే హైబ్రిడ్ విత్తనం ఏటా కొత్తగా తయారు కావాలి, అదీ చేత్తో. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, గోటితో కేసరాలు ఒలిచేయాలి. మర్నాటి పొద్దున మగ మొక్కల పూలు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని ఒక్కో పువ్వుకు అద్దాలి. ఇలా రెండు నెలలకు పైగా, ఒక్క రోజు కూడా తప్పకుండా చేయాలి. ఎకరాకు పదిమంది దాకా మనుషులు కావాలి.

ఈ సీడు పత్తి పెద్ద ఎత్తున పండింది కర్నూలు జిల్లాలో, తుంగభద్ర అవతల గద్వాల ప్రాంతంలో. ప్రపంచ స్థాయి ప్రయోగశాలలో పుట్టిన జన్యువు కోట్ల ఎకరాలకు చేరాలంటే ఈ చేలల్లోని వేళ్ల గుండా పోవాల్సి వచ్చింది. ఆ వేళ్లలో చాలా భాగం బడి మానేసిన ఆడపిల్లలవి. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి దీన్ని లెక్కలతో సహా బయటపెట్టాకే కంపెనీల మీద ఒత్తిడి వచ్చింది. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదన్న సాకు ఒకటి అప్పట్లో వినిపించేది. అసలు కారణం చవక కూలి. కంపెనీ సేకరణ ధర తక్కువ పెడితే, కంపెనీకీ రైతుకూ మధ్యనుండే ఆర్గనైజరు రైతును నొక్కుతాడు, రైతు కూలిని నొక్కుతాడు, అందరికంటే చివర ఆ పిల్ల ఉంటుంది.

మీ పద్ధతిని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా రాసుకుని, ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇక్కడ పనిచేసేది ఎవరి చేయి? ప్రయోగశాలలో ఆ చేయి మీదే. నూరు రెట్లు పెంచితే నూరు చేతులు ఎక్కడి నుంచి వస్తాయి, ఎంత కూలికి వస్తాయి? ‘కూలీలు దొరుకుతారు’ అని ప్రాజెక్టు రిపోర్టులో ఒక్క ముక్క రాసి దాటిపోవద్దు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి పంట చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాల పనులకు వలసపోతాయి. మీ యంత్రం నడిచే నెలల్లో ఊళ్లో ఎవరుంటారో ముందు తెలుసుకోవాలి. న్యాయమైన కూలి ఇస్తే మీ లెక్క తప్పుతోందా? అయితే తప్పు మీ లెక్కలోనే ఉంది. ఆ మెట్టును మార్చండి, లేదా ధరను మార్చండి.

వదిలేసే మెట్టు

బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం విడిగా ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వరసలుగా వేయాలి. అక్కడ పెరిగిన పురుగులు బీటీ చేలో బతికిన ఏ ఒకటీ అరా పురుగుతోనో కలిస్తే, తట్టుకునే గుణం తర్వాతి తరాల్లో పలచబడుతుంది. శాస్త్రం ప్రకారం చక్కని ఏర్పాటు. రైతు వైపు నుంచి చూడండి. అయిదెకరాల కౌలు చేలో పురుగుల్ని మేపడానికి కొంత నేల వదలమంటే ఎవరు వదులుతారు? చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను వాడలేదు. గులాబీ రంగు పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. మొదటి బీటీ జన్యువును అది తట్టుకుంటోందని గుజరాత్ నుంచి 2010 నాటికే ప్రకటన వచ్చింది. తర్వాత రెండు జన్యువుల బోల్‌గార్డ్ 2 మీద కూడా లొంగకుండా తయారైంది. గులాబీ పురుగు కాయ లోపల ఉంటుంది. పైకి నిగనిగలాడే కాయ పగలదీస్తే లోపల పింజ పాడై ఉంటుంది.

చాలా ఏళ్ల తర్వాత బీటీ కాని గింజల్ని అదే ప్యాకెట్‌లో కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. రైతు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. ఈ ఒక్క మార్పులో ఉన్న బుద్ధిని మీరు పట్టుకోవాలి. వాడేవాళ్లకు ఆ రోజు లాభం కనిపించని మెట్టు ఏదైనా సరే, పెద్ద ఎత్తున పోయాక అది జరగదు. పాంఫ్లెట్ల మీద, శిక్షణ శిబిరాల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ మెట్టును వస్తువులోనే కలిపేయండి, లేదా అది లేకపోయినా నడిచేలా వస్తువును మార్చండి. మీ సెన్సర్‌ను వారానికొకసారి సరిచూసుకోమని చెబుతున్నారా? ఎవరూ చూసుకోరు. దానంతట అదే సరిచూసుకునేలా చేయండి.

యార్డు సరుకుతో పరీక్ష

ఇక మిల్లులోకి వద్దాం. నూరు కిలోల పత్తి జిన్ను చేస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. కొద్దిగా చెత్త పోగా మిగిలినదంతా గింజే. దూది 170 కిలోల బేళ్లుగా బిగిసి లారీ ఎక్కుతుంది. గింజ నూనె మిల్లుకు పోతుంది. ఆ గింజ మీద ఇంకా అంటుకుని ఉండే పొట్టి నూగును లింటర్ అంటారు. అది దాదాపు శుద్ధమైన సెల్యులోజు. ముంబైలో 1924లో మొదలైన కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సిర్కాట్, ఇలాంటి పత్తి సెల్యులోజు నుంచి నానోసెల్యులోజు తీసే పైలట్ ప్లాంటు పెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 10 కిలోలు. దేశంలో పేరున్న పరిశోధన సంస్థ కూడా గాజు పాత్ర నుంచి నేరుగా టన్నులకు దూకలేదు, మధ్యలో పది కిలోల మెట్టు కట్టుకుంది.

మీరు కూడా మధ్య మెట్టు కట్టుకోవాలి. ఎందుకో చిన్న లెక్కలో చెబుతాను. ఒక లీటరు పాత్రను అదే ఆకారంలో వెయ్యి లీటర్ల తొట్టిగా పెంచారనుకోండి. లోపలి సరుకు వెయ్యి రెట్లయింది. బయటి గోడల వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరిగింది. లోపల పుట్టే వేడి గోడల గుండానే బయటికి పోవాలి కాబట్టి, ఒక్కో లీటరుకు దొరికే గోడ పదో వంతుకు పడిపోయింది. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. సూక్ష్మజీవులతో పులియబెట్టి దాన్ని తగ్గించవచ్చు. ప్రయోగశాల పళ్లెంలో పలచగా పరిస్తే చక్కగా జరుగుతుంది. అదే చెక్కను టన్ను కుప్ప పోస్తే లోపల వేడి పెరిగి ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఇది తెలుసుకోవడానికి కెమికల్ ఇంజనీరింగు పట్టానే అక్కర్లేదు. నెమ్ము గింజ ఎత్తుగా కుప్ప పోస్తే లోపల కాలిపోతుందని ఆదోని నూనె మిల్లులో ఏ హమాలీనడిగినా చెబుతాడు. ఆయన ఎంత ఎత్తు దాకా పోయనిస్తాడో, ఎన్ని రోజులకు తిరగేస్తాడో అడిగి రాసుకోండి. మీ తొట్టి డిజైనుకు అది పనికొచ్చే సమాచారం.

ఇప్పుడు సరుకు సంగతి. ప్రయోగశాలకు శుభ్రమైన నమూనా సంచిలో వస్తుంది, అంతా ఒకే చేనుది. యార్డుకు రోజూ వందల చేల సరుకు వస్తుంది. పత్తి సంస్థ, అంటే సీసీఐ, నెమ్ము 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 నుంచి 12 మధ్య కోత పెడుతుంది. 12 దాటితే కొనదు. ఆ తిప్పి పంపిన పత్తి ఏమవుతుంది? ప్రైవేటు వ్యాపారికి పోతుంది, జిన్నుకూ వస్తుంది, దాని గింజ మీ తొట్టిలోకీ వస్తుంది. మొదటి ఏరు పత్తి తెల్లగా ఉంటుంది. చివరి ఏరులో ఆకు, గులాబీ పురుగు మచ్చ, తేలిపోయిన గింజ ఉంటాయి. వాన పడ్డ వారం వేరు, ఎండు వారం వేరు. అందుకే నమూనా కోసం మంచి లాటు ఎంచుకోవద్దు. ఎవరూ కొనని లాటు దగ్గరికి వెళ్లి, దానిలోంచి మూట కట్టించుకోండి. మీ పద్ధతి దాంతో ఎంత చెడుతుందో ముందు తెలియాలి. సగటు ఫలితం పెట్టుబడిదారుకు చూపించే అంకె. మీరు రాత్రి నిద్రపోవాలంటే కావలసింది చెడ్డ రోజు అంకె.

పరీక్ష ఎంతసేపు నడపాలి? ఒక విజయవంతమైన రోజు చాలదు. ఆపకుండా నడపండి, కరెంటు పోయిన రాత్రితో సహా, ఆపరేటరు మారిన షిఫ్టుతో సహా. ప్రతి ఆగుడూ కారణంతో పాటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం రాసే పని ఆపరేటరుకే ఇవ్వండి, ఆయన మాటల్లోనే. ‘బెల్టు జారె, గింజ తడి’ అని ఆయన రాసిన వాక్యం మీ గ్రాఫు కంటే విలువైనది కావచ్చు.

చెక్క కొనేవాళ్లను అడిగారా?

మన దేశంలో పత్తి గింజను ఎక్కువగా పొట్టు తీయకుండానే ఎక్స్‌పెల్లర్‌లో వేసి ఆడిస్తారు. లింటర్ తీసి, పొట్టు వేరు చేసి, పప్పును ఆడిస్తే నూనె ఎక్కువ వస్తుంది, చెక్కలో మాంసకృత్తులు పెరుగుతాయి, లింటర్‌కు విడిగా ధర వస్తుంది. ఈ శాస్త్రీయ పద్ధతి దశాబ్దాలుగా తెలిసిందే. యంత్రాలూ దొరుకుతాయి. మరి ఎందుకు పాకలేదు? ఒక పెద్ద కారణం గేదె దగ్గరుంది. పాడి రైతుకు పొట్టుతో కలిసిన పాత పత్తి చెక్కే అలవాటు. అందులో మిగిలిన నూనె వల్ల పాలలో వెన్న పెరుగుతుందని నమ్మకం, పాల కేంద్రంలో ధర కట్టేది వెన్న శాతాన్ని బట్టే కదా. రంగు మారి, జిడ్డు తగ్గి, ధర పెరిగిన కొత్త చెక్కను అతను చేత్తో నలిపి చూసి పక్కన పెడతాడు. నూనె వైపు గెలిచిన సాంకేతికత చెక్క వైపు ఓడిపోయింది.

అతన్ని తెలియనివాడని కొట్టిపారేసే పరిశోధకుల మీద నాకు గౌరవం లేదు. అతను తన పాల లెక్క చూసుకున్నాడు. మీ పద్ధతి నుంచి బయటికొచ్చే ప్రతి పదార్థానికీ, ముఖ్యమైనదానికే కాదు, చెత్త అనుకునేదానికి కూడా, ఒక కొనేవాడు కావాలి. ఎమ్మిగనూరు మండలం బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పదిమంది పాడి రైతుల దగ్గర నెల రోజులు మీ చెక్క మేపించి, పాలు, వెన్న కొలిచే ప్రయత్నానికి సలహా అడగాల్సింది అలాంటి చోట్ల. యంత్రానికి ఆర్డరు ఇవ్వకముందే అడగాలి.

ఎంత పెద్దది కావాలి?

ఆదోని దూది బేళ్లు దూరపు స్పిన్నింగ్ మిల్లులకు పోతాయి. ముప్పై కిలోమీటర్లు కూడా లేని ఎమ్మిగనూరులో మగ్గాలున్నాయి. ఆ మగ్గాలకు నూలు బయటి మిల్లుల నుంచి రావాలి. ఈ చుట్టుదారిని చూసి బాధపడి, దానికి యంత్రాలతో జవాబు వెతికిన వాళ్లు తెలుగు నేల మీదే ఉన్నారు. ఉజ్రమ్మ, ఇంజనీరు ఎల్. కన్నన్, వారి సహచరులు కలిసి నడిపిన మల్ఖా ప్రయత్నం అది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. దూదిని బేలుగా బిగించడం ఒకప్పుడు ఓడలకెక్కించి లాంక్షైర్‌కు పంపడానికి వచ్చిన పని. బిగించిన దూదిని మళ్లీ విప్పడానికి మిల్లులో భారీ యంత్రాలు కావాలి, ఆ కుదింపులో పింజ మెత్తదనం పోతుంది. జిన్ను పక్కనే చిన్న యంత్రాలతో ఏకి వడికితే బేలే అక్కర్లేదు. అలా తీసిన నూలుతో నేసిన మెత్తటి బట్ట వచ్చింది, ఇష్టపడి కొనేవాళ్లు వచ్చారు. పెద్ద మిల్లు నూలు ధరతో మాత్రం అది పోటీ పడలేదు. సహజ రంగుల మంచి బట్ట కోరే కొనుగోలుదారుల మీదే నిలబడింది.

మల్ఖా నుంచి నేను తీసుకునే పాఠం, పరిమాణం కూడా ఒక డిజైను నిర్ణయం అన్నదే. పెద్దదైతే చవక అన్న సూత్రం ప్రతి మెట్టుకూ వర్తించదు. రవాణా, నిల్వ, పాడైపోవడం కలిపితే కొన్ని మెట్లు సరుకు దగ్గరే చిన్నగా ఉండటం మేలు. అమ్మకం, కొనుగోలు, రంగుల నాణ్యత వంటివి పెద్దగా ఉండటం మేలు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం మొదలుపెట్టినప్పుడు పట్టుకున్న సూక్ష్మం ఇలాంటిదేనని నాకనిపిస్తుంది. మగ్గం నేతగాని దగ్గరే ఉంది, బజారుతో బేరం సంఘం చేసింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ పద్ధతిలో ఏ మెట్టు ఇంటింటా ఉండాలి, ఏది మండలానికి ఒకటి ఉండాలి, ఏది జిల్లాకు ఒక్కటి చాలు అని విడదీసి రాసుకోండి. అన్నీ ఒకే షెడ్డులో పెట్టాలన్న పట్టుదలతోనే చాలా ప్రాజెక్టులు అప్పుల పాలవుతాయి.

డబ్బు, కాగితాలు

దీని గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. సాంకేతికత ఎంత పరిపక్వమైందో చెప్పడానికి నాసా తొమ్మిది మెట్ల కొలత వాడుతుంది, మన ప్రభుత్వ సంస్థలూ అదే అడుగుతాయి. మూడు, నాలుగు మెట్ల దాకా పరిశోధన నిధులు వస్తాయి. ఎనిమిది, తొమ్మిదికి బ్యాంకు వస్తుంది. అయిదు నుంచి ఏడు దాకా ఎవరూ రారు, మీ పైలట్ ఖర్చంతా అక్కడే. జీవశాస్త్ర సంబంధమైతే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కిందున్న బైరాక్ వారి బిగ్ పథకం 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా నిరూపణకు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్ ప్రవేశానికి 50 లక్షల దాకా తిరిగి చెల్లించే సాయం ఇంక్యుబేటర్ల ద్వారా దొరుకుతాయి. నియమాలు మారుతుంటాయి, దరఖాస్తుకు ముందు చూసుకోండి. ప్రభుత్వ ప్రయోగశాల పరిజ్ఞానాన్ని మీరు తీసుకోవాలంటే 1953 నుంచి ఉన్న జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ, వ్యవసాయ పరిజ్ఞానమైతే అగ్రిఇన్నోవేట్ లైసెన్సులు ఇప్పిస్తాయి. మీ సొంతదైతే పేటెంటు దరఖాస్తు వేశాకే సభల్లో చెప్పండి, పత్రికల్లో రాయండి. ముందే బయటపెడితే కొత్తదనం పోయి హక్కు చేజారవచ్చు.

గ్రాంటు కంటే పెద్ద విషయం ధర. శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిన వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రం చదవలేదు. 1993లో సంస్థ పెట్టి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు అడిగి పరిశోధన నడిపి, 1997 ఆగస్టులో హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్ తెచ్చారు. దిగుమతి టీకా వందల రూపాయల్లో ఉన్న రోజుల్లో సుమారు యాభై రూపాయలకు ఇవ్వగలిగారు. మామూలు ఇంటివాళ్లు తమ పిల్లలకు వేయించుకోగల ధరే మొదటి లక్ష్యం, పరిశోధన దాని వెనక నడిచింది. బీటీ విత్తనం కథ దీనికి తిరగబడి సాగింది. జన్యువు రుసుముతో కలిపి ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించి, ధరను 750కి తెచ్చింది. మీ ధర కొనేవాళ్ల ఎకరం లెక్కలోంచి మొదలు కాకపోతే, దాన్ని సరిదిద్దడానికి ఎవరో ఒకరు వస్తారు.

మొదటి సీజను

పని మొదలుపెట్టేవారికి నేను సూచించేది ఇది. దసరా తర్వాత యార్డుకు రాబడి పెరిగినప్పుడు, వారానికొకసారి నమూనాలు తీసుకుని తేదీ, ఊరు, నెమ్ము రాసి పెట్టండి. సంక్రాంతి లోపు ఒక మిల్లు యజమానితో మాట్లాడి, షెడ్డులో ఒక మూల, ఒక మీటరు, ఒక ఆపరేటరు అద్దెకు అడగండి. ఉచితంగా ఇస్తానన్నా రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోండి. శివరాత్రి నాటికి చివరి ఏరు సరుకుతో ఒకసారి నడపండి. ఎండలు ముదిరాక, మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద మరోసారి నడపండి, ఏసీ గదిలో చూడని తప్పులు అప్పుడు బయటపడతాయి. అప్పటికి యార్డులో రాబడి సన్నగిల్లి, మిల్లుల్లో గింజ గోదాములు ఖాళీ అవుతుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీ యంత్రానికి ఏ సరుకు వేస్తారు, గింజ ముందే కొని నిల్వ పెడితే వడ్డీ, గోదాము అద్దె, పురుగు నష్టం కలిపి క్వింటాలుకు ఎంత పడుతుంది, ఆ నాలుగు నెలలు ఆపరేటరుకు జీతం ఎలా ఇస్తారు? ఈ మూడింటికీ అంకెలు మిల్లు గుమాస్తా దగ్గర కూర్చుని రాసుకోండి. యంత్రం కొటేషన్ అడిగేది ఆ తర్వాతే.